బోన్‌విరెకు చుట్టపుచూపుగా వెళ్ళడం ఎలా

ముందే చెప్పేస్తున్నా, ఇది సింహాలూ జిరాఫీలూ చూడ్డానికి వెళ్ళేవాళ్ళ కోసం కాదు. సఫారీ అంటే కెన్యా, టాంజానియా, అదంతా తూర్పు వైపు. నేను చెప్పేది పడమటి ఆఫ్రికాలో ఘానా అనే దేశం, అందులో కుమాసి అనే నగరం, దానికి ఓ 18 కిలోమీటర్ల దూరంలో బోన్‌విరె అనే చిన్న ఊరు. కెంటె బట్ట నేసే ఊరు. మనకు పోచంపల్లి ఎలాగో అక్కడి అశాంతి అనే తెగవాళ్ళకు బోన్‌విరె అలాగ. చిన్నప్పుడు సెలవులకు పోచంపల్లిలో పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్తే మగ్గం చప్పుడుకే మెలకువ వచ్చేది నాకు, ఆ పిచ్చే ఇంత దూరం లాక్కెళ్ళింది అనుకోండి.

వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ ఎల్బీ నగర్ చుట్టాలు మొదలుకొని ఆఫీసులో పిల్లల దాకా అందరూ అడిగేది ఒకటే, భయం వెయ్యలేదా అని. భయం సంగతి తర్వాత, నాకు అసలు ఇబ్బంది అయింది మర్యాదల దగ్గర. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళలా వెళ్తే మగ్గాలు చూపిస్తారు, ఓ పట్టీ అమ్ముతారు, అరగంటలో పంపించేస్తారు. చుట్టపుచూపుగా వెళ్తే సాయంత్రం దాకా కూర్చోబెట్టుకుంటారు. ఆ రెండోది ఎలా అన్నదే చెప్తాను, టిక్కెట్టు గొడవ త్వరగా ముగించేసి.

భారతీయ పాస్‌పోర్ట్‌కు వీసా కావాలి, ఢిల్లీలో ఘానా హైకమిషన్ ఉంది. ఎల్లో ఫీవర్ టీకా మాత్రం తప్పనిసరి, ఇందులో బేరాల్లేవు. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు, ఏ రోజు వేస్తారో ముందు కనుక్కొని వెళ్ళండి, గుడ్డు పడనివాళ్ళు డాక్టర్‌కు ఆ మాట ముందే చెప్పండి. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. నాకు ఒక ట్రావెల్ ఏజెంట్ "అది ఎయిర్‌పోర్టులో వేసేస్తారు మేడమ్" అన్నాడు, నేను నమ్మాను, తేదీ మార్చుకోవడానికి అయిన ఖర్చు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. వేశాక ఇచ్చే పసుపు కార్డు జీవితాంతం చెల్లుతుంది, 2016 నుంచి నియమం అలా మారింది. మలేరియా మాత్రలు కూడా డాక్టర్‌ని అడిగి రాయించుకోండి. అవి వెళ్ళే ముందు మొదలుపెట్టి తిరిగొచ్చాక కూడా కొన్నాళ్ళు వేసుకోవాల్సినవి. ఇంటికొచ్చేశాం కదా అని మధ్యలో మానేయకండి.

శంషాబాద్ నుంచి దుబాయ్ మీదుగానో దోహా మీదుగానో ఆక్రా చేరొచ్చు. ఆక్రా నుంచి కుమాసి సుమారు 250 కిలోమీటర్లు, విమానంలో గంట కూడా పట్టదు, బస్సులో ఐదారు గంటలు. నేనైతే బస్సే అంటాను, ఎందుకంటే ఊళ్ళు ఎలా మారుతున్నాయో కిటికీలోంచి తెలుస్తుంది, ఎర్రమట్టి, అరటి తోటలు, రోడ్డు పక్కన తలమీద తట్టలతో నీళ్ళ ప్యాకెట్లు అమ్మే ఆడవాళ్ళు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వానలుండవు కానీ సహారా వైపు నుంచి హర్మటాన్ అనే దుమ్ముగాలి వీస్తుంది, పెదాలు పగిలిపోతాయి, వ్యాజిలిన్ డబ్బా పర్సులోనే ఉండాలి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పెద్ద వానలు, అప్పుడు వద్దు. గడియారం మనకంటే ఐదున్నర గంటలు వెనక, కాబట్టి అక్కడ సాయంత్రం కబుర్లు చెప్దామని ఇంటికి ఫోన్ చేస్తే ఇక్కడ అర్ధరాత్రి దాటి ఉంటుంది.

డబ్బు గురించి ఒక ముక్క. అక్కడి నోటు పేరు సెడి, ఆ మాటకు మూలం గవ్వ. ఒకప్పుడు గవ్వలే డబ్బు అక్కడ. చేతిలో చిల్లిగవ్వ లేదు అని మనం ఊరికే అంటుంటామా, అక్కడది నోటు మీద రాసి ఉన్న మాట. ఊళ్ళో కార్డు గీకడానికి చోటుండదు, వాళ్ళంతా ఫోన్‌లో డబ్బు పంపుకుంటారు, దాన్ని మోమో అంటారు, కానీ రెండు రోజుల కోసం మనకది అంత సులువుగా కుదరదు. కుమాసిలోనే మార్చుకొని చిన్న నోట్లు ఎక్కువగా పెట్టుకోండి. పెద్ద నోటు తీస్తే చిల్లర కోసం వీధంతా తిరగాల్సి వస్తుంది, ఆ తిరగడం కూడా వాళ్ళే తిరుగుతారు, మనకే సిగ్గుగా ఉంటుంది.

కుమాసిలో కెజేటియా అని పెద్ద మార్కెట్ ఉంది, బేగంబజార్‌లో పుట్టి పెరిగినవాళ్ళు కూడా దారి తప్పుతారు. కుమాసి నుంచి బోన్‌విరెకు ట్రోట్రో ఎక్కండి. ట్రోట్రో అంటే మన సెవెన్ సీటర్ ఆటోకి అన్నలాంటి వ్యాను, నిండేదాకా కదలదు, టైమ్ అడిగితే నవ్వుతారు. కండక్టర్‌ని మేట్ అంటారు, కిటికీలోంచి సగం బయటికి వేలాడుతూ ఊరి పేరు అరుస్తుంటాడు. వెనక అద్దం మీద దేవుడి మాటో సామెతో రాసి ఉంటుంది, మన లారీల వెనక రాసినట్టే. తొందరగా ఉంటే ట్యాక్సీ మాట్లాడుకోవచ్చు, కానీ ట్రోట్రోలో పక్కన కూర్చున్న ఆవిడే నన్ను బోన్‌విరెలో వాళ్ళ బాబాయ్ మగ్గం దగ్గరికి తీసుకెళ్ళింది. ట్యాక్సీలో వెళ్ళుంటే అది జరిగేది కాదు.

ఇక అసలు విషయం. దిగగానే ఫోన్ తీయకండి. ముందు పలకరింపు. అక్కడ పలకరించకుండా దారి అడగడం కూడా తప్పే, అడిగినా జవాబు చెప్తారు గానీ మొహంలో ఏదో తగ్గిపోతుంది. ఇంగ్లిష్ అధికార భాష కాబట్టి పని ఆగదు, అయినా అక్కడి వాళ్ళ భాష చ్వీలో నాలుగు మాటలు నేర్చుకోండి. పొద్దున్నయితే మాచె, మధ్యాహ్నం మాహా, సాయంత్రం మాజో. ఎలా ఉన్నారు అనడానికి ఎతె సెన్, థాంక్స్ అనడానికి మెదాసె. వాళ్ళు మీతో అక్వాబా అంటారు, అంటే స్వాగతం. నా ఉచ్చారణకి మొదటి రోజంతా పిల్లలు పడి పడి నవ్వారు, నవ్వనివ్వండి, నవ్వాక వాళ్ళే నేర్పిస్తారు.

నలుగురు కూర్చుని ఉంటే మీ కుడి చేతి వైపు మొదట ఉన్నవాళ్ళ దగ్గర మొదలుపెట్టి వరసగా ఎడమ వైపుకు అందరికీ చెయ్యి కలపాలి, తెలిసినాయన మధ్యలో ఉన్నాడని నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళిపోకూడదు. చెయ్యి కలిపి వదిలేటప్పుడు వేళ్ళతో చిటిక వేస్తారు, అది మొదట కుదరదు, నాకు నాలుగో రోజుకు కుదిరింది. కుడిచెయ్యే, ఎప్పుడూ. ఇవ్వడానికీ పుచ్చుకోవడానికీ తినడానికీ. మనకు ఇది చెప్పాలా అనుకుంటాం కదా, నేనూ అనుకున్నాను, కుడి చేతిలో ఫోన్ ఉండి ఎడమ చేత్తో ఓ పెద్దాయనకు డబ్బు చాచాను. ఆయన తీసుకోలేదు, కోప్పడనూ లేదు, అటు చెట్టు వైపు చూస్తూ ఉన్నాడు. పక్కనున్న కుర్రాడు మెల్లగా నా మోచెయ్యి తట్టాడు. కోఠిలో పొద్దున్నే బోణీ బేరానికి ఎడమ చేత్తో నోటు ఇస్తే ఏమంటారో తెలిసి కూడా నేనా పని చేశాను. తప్పనిసరై ఎడమ చెయ్యి వాడాల్సి వస్తే "సారీ ఫర్ లెఫ్ట్" అనేయండి, అక్కడ అందరూ అనే మాటే.

ఎవరింటికైనా వెళ్తే ముందు కూర్చోబెడతారు, మంచినీళ్ళు ఇస్తారు. తాగేదాకా ఎందుకొచ్చారని అడగరు. తాగాక అడుగుతారు, దాన్ని అమానె అంటారు, అంటే వచ్చిన పని ఏంటి, దారిలో అంతా క్షేమమేనా అని. అప్పుడు మాత్రమే చెప్పాలి. నేను గుమ్మంలో నిలబడే "కెంటె చూడ్డానికొచ్చాను, ఫొటోలు తీసుకోవచ్చా" అని గడగడా చెప్పేస్తే ఆవిడ చాలా నెమ్మదిగా "ముందు కూర్చో" అంది. మా నాయనమ్మ అన్నట్టే అనిపించింది, కాళ్ళు కడుక్కొని మంచినీళ్ళు తాగాక చెప్పు అని. సీసా నీళ్ళు తప్ప తాగకూడదనుకునేవాళ్ళకు ఇక్కడ చిన్న చిక్కు. ఇళ్ళల్లో ఎక్కువగా సీలు వేసిన అర లీటరు ప్యాకెట్టే ఇస్తారు, అది పర్వాలేదు. గ్లాసులో ఇస్తే రెండు చేతులా అందుకొని పెదవికి ఆనించి పక్కన పెట్టినా ఎవరూ ఏమీ అనుకోరు. వద్దని తోసేయడం మాత్రం వద్దు.

మీరు ఏ వారం పుట్టారో తెలుసుకొని వెళ్ళండి. నిజంగానే చెప్తున్నా. పుట్టిన వారాన్ని బట్టి అక్కడ ప్రతి ఒక్కరికీ ఒక పేరుంటుంది. శుక్రవారం పుట్టిన మగపిల్లాడు కోఫి, శనివారమైతే క్వామె, ఆదివారమైతే క్వాసి. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా చేసిన కోఫీ అన్నన్ ఈ కుమాసిలోనే 1938లో ఒక శుక్రవారం పుట్టాడు, పేరులోనే వారం ఉంది. మన దగ్గర జాతకం చక్రం ఉన్న ఏ ఇంట్లో అడిగినా వారం చెప్తారు కాబట్టి మనకిది తేలిక. నేను శనివారం, ఆడపిల్లకు అమా అవుతుంది. అది తెలిసిన క్షణం నుంచి నా అసలు పేరు ఎవరూ పలకలేదు, వీధిలో అటూ ఇటూ "అమా, అమా" అని పిలుస్తుంటే తెలుగు చెవికి ఎలా వినిపిస్తుందో నేను చెప్పక్కర్లేదు. పిల్లలు మాత్రం ఒబ్రూని అని అరుస్తారు, అంటే విదేశీ మనిషి. తెల్లవాళ్ళకే కాదు మనకూ అదే మాట. తిట్టు కాదు, చెయ్యి ఊపితే చాలు.

మగ్గం దగ్గర ఎంత సేపైనా కూర్చోండి, నా మాట విని కనీసం రెండు గంటలు. మన పోచంపల్లిలో నేతకు ముందే నూలును చిటికి కట్టి, అంటే అక్కడక్కడ గట్టిగా బిగించి కట్టి, రంగులద్దుతారు, డిజైను దారంలోనే ఉంటుంది. కెంటెలో అలా కాదు, రంగు దారాలు వేరు వేరుగా ఉంటాయి, డిజైను నేసేటప్పుడు పేకలో, అంటే అడ్డదారంలో, పుడుతుంది. మగ్గం ఇరుకు, నేతగాడు చట్రంలో కూర్చుని కాలి వేళ్ళ మధ్య దారాలు ఇరికించుకొని పడుగును, అంటే నిలువు దారాలను, పైకీ కిందికీ ఆడిస్తుంటాడు, చేతులు అడ్డదారం తోసే నాడెతో, కాళ్ళు దారాలతో, రెండూ ఒకే లెక్కలో. పడుగు ఎదురుగా చాలా గజాల దూరం సాగి ఉంటుంది, దాని చివర రాయి పెట్టిన చెక్క ఒకటి కట్టి ఉంటుంది, నేత సాగేకొద్దీ ఆ రాయి నేల మీద అంగుళం అంగుళం నేతగాడి వైపు జరుగుతుంది. నాకు గుడ్డ కంటే ఆ రాయినే చూస్తూ ఉండాలనిపించింది.

నేసేది బెత్తెడు వెడల్పు పట్టీ, నాలుగంగుళాలు. వాటిని పక్కపక్కన కుట్టి పెద్ద గుడ్డ చేస్తారు, మగవాళ్ళు భుజం మీదుగా చుట్టుకునేదానికి సుమారు రెండు డజన్ల పట్టీలు పడతాయి. పూర్వం మంచి పట్టు దారం దొరక్క, ఓడల్లో వచ్చిన విదేశీ పట్టుబట్టలు కొని, విప్పి, ఆ దారంతో మళ్ళీ నేసుకునేవారట అశాంతి వాళ్ళు. నేసేది సంప్రదాయంగా మగవాళ్ళే. ఆడమనిషినైన నేను మగ్గం మీద చెయ్యి వేయబోతే ఒకాయన నవ్వుతూనే ఆపాడు, అడిగి ముట్టుకోండి.

ఈ విద్య ఎలా వచ్చిందో ఊళ్ళో ఎవరిని అడిగినా చెప్తారు. ఇద్దరు వేటగాళ్ళు అడవిలో సాలెపురుగు గూడు అల్లడం చూసి నేర్చుకొని వచ్చారని. అక్కడ కథల్లో సాలెపురుగు పేరు అనాన్సె, తెలివైనవాడు, కాస్త టక్కరి. వింటుంటే నాకు తట్టింది, మన మాటలో సాలె అంటేనే నేతగాడు కదా, రోజూ అంటూ ఎప్పుడూ ఆలోచించలేదు. ఇది వాళ్ళకు చెప్పాను. ఆ ముసలాయన మగ్గం ఆపి, మళ్ళీ చెప్పు అన్నాడు, "సాలె, సాలె" అని రెండుసార్లు పలికాడు. ఆ తర్వాతే నాకు లోపలి పెట్టె తెరిచి పాత గుడ్డలు చూపించారు.

ప్రతి డిజైనుకూ పేరుంది, పేరు అడక్కుండా కొనకండి. అద్వెనెసా అని ఒకటి, నా నేర్పంతా ఇందులో అయిపోయింది అని దాని అర్థం, సందు లేకుండా నిండా నేత ఉంటుంది. ఇంకొకటి ఘానా తొలి నాయకుడు ఎన్‌క్రుమా పెళ్ళికి సంబంధించింది. 1957లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, అదే ఏడు ఆయన ఈజిప్టు అమ్మాయి ఫతియాను పెళ్ళాడాడు, ఫతియా ఎన్‌క్రుమాకు తగింది అని ఒక గుడ్డకు పేరు పెట్టారు. 1966లో ఆయన్ను దించేశాక అదే గుడ్డకు ఒక్క మనిషి దేశాన్ని ఏలడు అనే అర్థం వచ్చే పేరు మారింది. దారం మారలేదు, పేరే మారింది. కెంటె నేత 2024 డిసెంబర్‌లో యునెస్కో జాబితాలో కూడా చేరింది, ఆ మాట ఊళ్ళో గర్వంగా చెప్తారు.

కొనేటప్పుడు తిరగేసి చూడండి. మిల్లులో అచ్చువేసిన కెంటె కుమాసి మార్కెట్లో బోలెడు, వెనక వైపు రంగు వెలిసి ఉంటుంది, పట్టీల కుట్టు ఉండదు. చేత్తో నేసింది బరువుగా, కాస్త గరుకుగా ఉంటుంది, పట్టీలు కలిసిన చోట వేలికి కుట్టు తగులుతుంది. పూర్తి గుడ్డ ఖరీదు ఎక్కువే, అది న్యాయం కూడా. అంత పెట్టలేకపోతే మెడలో వేసుకునే ఒక్క పట్టీ కొనుక్కోండి. బేరం ఆడొచ్చు, కానీ సుల్తాన్ బజార్‌లోలా సగానికి సగం అడగొద్దు, నేతగాడి ముందు అది చిన్నతనం. నేను పోచంపల్లి నుంచి ఒక చిటికి నూలు లుంగీ ముక్క తీసుకెళ్ళాను బహుమతిగా, అది ఆ రోజు ఎంత పనిచేసిందో స్వీటు డబ్బా పనిచేసేది కాదు, నలుగురు నేతగాళ్ళు దాన్ని వెలుతురుకు పట్టి, రంగు దారంలోకి ముందే ఎలా వచ్చిందో తేల్చుకోలేక వాదించుకున్నారు.

టైముంటే దగ్గర్లోనే ఎన్‌టొన్సొ అనే ఊరు, అక్కడ సొరకాయ బుర్ర మీద చెక్కిన అచ్చులతో, చెట్టు బెరడు మరిగించిన నల్ల రంగుతో అడింక్రా గుడ్డలు అద్దుతారు. కలంకారీ ఇష్టమైనవాళ్ళు వదలొద్దు.

తిండి. మాంసం తినేవాళ్ళకు ఏ బాధా లేదు. శాకాహారులకు ఉంది, ఎందుకంటే అక్కడ ఎండుచేప మాంసం కింద లెక్కలోకి రాదు, మన ఇంగువలాగా అన్నింట్లోనూ పడుతుంది. "నో మీట్" అంటే చేప వేసి ఇస్తారు. మాంసం, చేప, రొయ్య, కోడి, సూప్ క్యూబ్ అన్నీ పేరుపేరునా చెప్పండి. రెడ్ రెడ్ అని అలసందల కూర, పక్కన వేయించిన అరటి ముక్కలు, ఇది చాలాసార్లు చేప లేకుండా దొరుకుతుంది. వేరుశనగ పప్పు కూడా ఎక్కడైనా ఉంటుంది. ఫుఫు తప్పకుండా చూడండి, కనీసం చేయడమైనా. ఉడికిన కర్రపెండలం, పెద్ద అరటి కలిపి రోట్లో ఒకరు నిలబడి పొడవాటి రోకలితో దంచుతుంటే ఇంకొకరు పోటుకూ పోటుకూ మధ్య చెయ్యి పెట్టి ముద్ద తిప్పుతుంటారు, నాకు చూస్తుంటేనే గుండె ఆగింది. తినేది సంకటి తిన్నట్టే, వేళ్ళతో తుంచి పులుసులో ముంచి మింగెయ్యడమే, నమలరు. సంకటి తెలిసిన రాయలసీమ వాళ్ళకు ఒక్క పూటలో అలవాటవుతుంది. ఎవరైనా తింటూ మిమ్మల్ని చూసి "యూ ఆర్ ఇన్వైటెడ్" అంటే కంగారుపడకండి, మనం భోంచేద్దాం రండి అన్నట్టే, థాంక్స్ చెప్పి నవ్వితే సరిపోతుంది.

శనివారం వెళ్తే ఊళ్ళో ఎరుపూ నలుపూ బట్టలతో జనం, పెద్ద సౌండ్ బాక్సులు కనపడొచ్చు. పెళ్ళి అనుకోకండి, చావు కార్యం. చాలా ఘనంగా చేస్తారు. రమ్మంటే వెళ్ళొచ్చు, కొంత చదివింపు ఇవ్వాలి, ఫొటో మాత్రం అడక్కుండా వద్దు. ఊరి పెద్దను, అంటే ఒహెనెని, ఒక్క పూట వెళ్ళినవాళ్ళు కలవక్కర్లేదు. వారం ఉండి ఏదైనా రాసుకోవాలంటే కలవాలి, ఒక సీసా ష్నాప్స్ అనే మద్యం తీసుకెళ్ళడం ఆనవాయితీ, టోపీ తీసి, కాలు మీద కాలు వేసుకోకుండా కూర్చోవాలి. ఆయనతో నేరుగా మాట్లాడరు, ఒచ్యామె అనే ఆయన మధ్యలో ఉండి మాట అందిస్తాడు. అదృష్టం ఉంటే ఆరు వారాలకోసారి ఆదివారం కుమాసి మన్‌హియా ప్యాలెస్‌లో అక్వాసిడే అనే ఉత్సవం జరుగుతుంది, అశాంతి రాజు ఒసెయి టుటు రెండో వారు కెంటెలో, బంగారంలో కొలువు తీరతారు, తేదీ చూసుకొని టిక్కెట్లు వేసుకోండి.

బయలుదేరేటప్పుడు లేచి బ్యాగు తగిలించుకొని వచ్చేయకూడదు. దారి అడగాలి, మనం సెలవు అడిగినట్టు. పెద్దవాళ్ళు సరే అన్నాకే లేవాలి. నన్ను తీసుకెళ్ళిన ఆవిడ బస్సు దాకా వచ్చి, ఇంక తను వెళ్ళిపోతూ "ఐయామ్ కమింగ్" అంది. నేను పిచ్చిదానిలా అక్కడే పది నిమిషాలు ఎదురుచూశాను, తను మళ్ళీ వస్తుందేమో అని. తర్వాత మేట్ చెప్పాడు, అక్కడ వెళ్ళేటప్పుడు అలాగే అంటారు, వెళ్ళొస్తాను అని. తెలుగుదాన్నయ్యుండి ఆ ఒక్క మాట నాకు అర్థం కాకపోవడమేంటో.

శంషాబాద్‌లో దిగే ముందు పసుపు కార్డు చేతిలో పెట్టుకోండి, సూట్‌కేసులో కెంటె కింద పెట్టి నాలా బెల్టు దగ్గర చెమటలు పట్టించుకోకండి. అది చూపించలేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచొచ్చు.